సొంత లారీ తోలుకునేవారికి కిరాయి బకాయి పడితే, లోడు ఆపేస్తే ఏ చట్టం వర్తిస్తుంది?

ప్రశ్న – నరసన్నపేట ఒంటిలారీ

అందరికీ నమస్కారం. నాకు సొంతంగా ఒక పది చక్రాల లారీ ఉంది. దాన్ని నేనే తోలుతాను, మా మేనమామ కొడుకు క్లీనరుగా వస్తాడు. రణస్థలం, పైడిభీమవరం వైపున్న కర్మాగారాల సరుకును ఒక ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు ద్వారా ఎత్తి, కొన్నిసార్లు విశాఖపట్నం రేవుకు, కొన్నిసార్లు సాలూరు, సుంకి ఘాటీ మీదుగా రాయపూర్‌కు చేరుస్తుంటాను. నాలాగే ఒక్కొక్క బండి ఉన్నవాళ్లం ఆ కాంట్రాక్టరు దగ్గర పదిమందికి పైగా ఉన్నాం. మా సమస్యను వివరంగా రాస్తున్నాను, తెలిసినవారు దయచేసి దారి చూపించండి.

లోడు ఎత్తేటప్పుడు అడ్వాన్సు ఇస్తున్నామంటారు గాని అందులో ఎక్కువ భాగం చేతికి రాదు. ఫలానా బంకులో డీజిలు కొట్టించుకోమని చీటీ రాసి ఇస్తారు. మన రాష్ట్రంలో డీజిలు మీద 22.25 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, 1 రూపాయి రోడ్డు సెస్సు ఉన్నందువల్ల ఒడిశాలోకి వెళ్లి కొట్టించుకుంటే లీటరుకు కొన్ని రూపాయలు మిగులుతాయి. రాయపూర్ దారిలో ఒడిశా మాకు ఎలాగూ తగులుతుంది. కాని చీటీ మీద ఇక్కడే ట్యాంకు నింపుకున్న బండికి ఆ మిగులు దక్కదు. ఇక మిగతా కిరాయిని, సరుకు దించుకున్నవారి సంతకం ఉన్న రసీదు ఆఫీసులో అప్పగించిన నెలలోపు ఇస్తామని నోటిమాటగా చెప్పారు. ఇప్పటికి నాలుగు నెలలు దాటింది, నా ఒక్కడికే రెండు లక్షలకు పైగా రావాలి. ఎప్పుడు అడిగినా కంపెనీ నుంచి తమకే బిల్లు రాలేదంటున్నారు. ఫైనాన్సు కిస్తీకి మాత్రం అలాంటి వెసులుబాటు ఏదీ లేదు.

రెండో బాధ కర్మాగారం గేటు దగ్గరిది. అక్కడి వాచ్‌మన్ బండి నంబరు, వచ్చిన సమయం రాసి ఒక చిన్న చీటీ ఇస్తాడు. ఆ చీటీని అద్దం అంచున దోపుకొని సర్వీసు రోడ్డు పక్కన వరుసలో నిలబడితే పిలుపు ఆ సాయంత్రమే రావచ్చు, మూడో రోజు రావచ్చు. అంతవరకు బండి నీడలో స్టవ్ వెలిగించి వండుకుంటాం, బంకు కుళాయి దగ్గర స్నానం చేస్తాం, వరుసలో చోటు పోతుందన్న భయంతో వంతులవారీగా నిద్రపోతాం. లోడు ఎత్తి బయటికి వచ్చేటప్పుడు ఆ చీటీని గేటులోనే వెనక్కి తీసుకుంటారు. ఆ తర్వాత హాల్టింగ్ చార్జీ, అంటే బండి నిలిచిన రోజులకు ఇచ్చే డబ్బు, అడిగితే ఆధారం ఏదని అడుగుతారు.

గత నెల మేము తొమ్మిదిమంది కలిసి, పాత బకాయి తీర్చాలని, టన్నుకు కిరాయి పెంచాలని, రెండో రోజు నుంచి హాల్టింగ్ ఇవ్వాలని అడిగి, అంతవరకు కొత్త లోడు ఎత్తబోమని చెప్పాం. వారం తిరగకముందే వేరే జిల్లాల బళ్లను పిలిపించి, మా తొమ్మిది నంబర్లకూ లోడు ఆపేశారు. మీరు ఓనర్లు, సమ్మె చేయడానికి కార్మికులు కారు అని ముఖం మీదే అన్నారు. కార్మికుల వివాదాలు చూసే కార్యాలయానికి వెళితే, సొంత బండి ఉన్నవాడు ఎవరి దగ్గరా ఉద్యోగి కాడు గనుక ఫిర్యాదు తీసుకోవడం కుదరదన్నారు.

వేరొకరు చెప్పిన రేటుకు, వేరొకరు చెప్పిన చోటికి, వేరొకరు చూపించిన బంకులో డీజిలు పోయించుకొని పగలూ రాత్రీ తోలే మేము కార్మికులం కాకపోతే, మాకు వర్తించే చట్టం ఏది? బకాయి రాబట్టుకోవడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలి? మేము కలిసి లోడు వద్దనడం తప్పవుతుందా?

జవాబు – సాలూరు సీనియర్ డ్రైవర్

తమ్ముడూ, మీరు రాసినది చదువుతుంటే మా ఊరి లారీ అడ్డాలో కూర్చున్నట్టే ఉంది. నేను క్లీనరుగా మొదలుపెట్టి, డ్రైవరునై, కొన్నేళ్లు సొంత బండి తిప్పి, కిస్తీలు మోయలేక అమ్మేసి, ఇప్పుడు మళ్లీ జీతానికి తోలుతున్నాను. సాలూరు 2022 వరకు విజయనగరం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. జిల్లా ఏదైనా మా ఊళ్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలగడం రాయపూర్ రోడ్డు మీద నడిచే లారీల మీదే ఆధారపడి ఉంది కాబట్టి, మీ ప్రశ్న మా అందరిదీ.

ఒంటి బండివాడు ఇంతగా చితికిపోవడానికి డీజిలు ధర ఒక్కటే కారణమని అందరూ అంటారు గాని, నా దృష్టిలో 2018 జూలైలో వచ్చిన యాక్సిల్ లోడు (ఒక్కో ఇరుసు మీద మోయదగ్గ బరువు) మార్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. నాలుగు టైర్ల యాక్సిల్‌కు 10.2 టన్నులుగా ఉన్న పరిమితిని 11.5 టన్నులు చేశారు. కాగితం మీద అది మనకు మేలు చేసినట్టే కనిపిస్తుంది. కాని ఉన్న బళ్లన్నీ ఒక్కసారిగా ఎక్కువ సరుకు మోయగలిగితే, మార్కెట్లో సరుకు అంతే ఉన్నప్పుడు, బళ్లకు గిరాకీ తగ్గి టన్ను కిరాయి కిందికి జారుతుంది. పెద్ద ఫ్లీటు ఉన్నవాడు ఏడాది కాంట్రాక్టులతో తట్టుకున్నాడు. రోజువారీ లోడు కోసం అడ్డాలో నిలబడేవాడు తట్టుకోలేకపోయాడు. అదే నెల 20న దేశమంతా మొదలైన లారీల సమ్మె ఎనిమిది రోజులు నడిచింది. డీజిలు ధర, టోల్, థర్డ్ పార్టీ బీమా ప్రీమియం అప్పటి ముఖ్యమైన కోరికలు. హామీలు తీసుకొని విరమించారు. ఆ ఎనిమిది రోజుల నష్టాన్ని పెద్దవాళ్లు భరించినట్టు చిన్నవాళ్లు భరించలేకపోయారని కళ్లారా చూశాను.

2024 జనవరి ఒకటి, రెండు తేదీల్లో ప్రమాదం చేసి పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు జైలు అన్న సెక్షన్ మీద డ్రైవర్లు ఎక్కడికక్కడ బళ్లు ఆపినప్పుడు మాత్రం ఫలితం కనిపించింది. అదే ఏడాది జూలై 1న కొత్త న్యాయ సంహిత అమల్లోకి వచ్చినా, 106వ సెక్షన్‌లోని ఆ రెండో ఉపవిభాగాన్ని మాత్రం పక్కన ఉంచారు. కోరిక ఒక్కటే కావడం, ఓనరు, జీతపు డ్రైవరు అన్న తేడా లేకుండా అందరికీ తగిలేది కావడం దానికి కారణమని నా అభిప్రాయం.

కిరాయి కోసం జరిగిన పోరాటాల్లో హిమాచల్ ప్రదేశ్‌లోని బర్మాణా, దాడ్లాఘాట్ సిమెంటు కర్మాగారాల వివాదాన్ని మీరు తెలుసుకోవాలి. రవాణా ఖర్చు ఎక్కువైందని యాజమాన్యం 2022 డిసెంబర్ 15 నుంచి రెండు కర్మాగారాలనూ మూసేస్తే, అక్కడి లారీవాళ్లు రెండు నెలలకు పైగా నిలబడ్డారు. 2023 ఫిబ్రవరి 20న ప్రభుత్వం మధ్యవర్తిత్వంతో, టన్నుకు కిలోమీటరుకు సింగిల్ యాక్సిల్ బండికి 10.30 రూపాయలు, మల్టీ యాక్సిల్‌కు 9.30 రూపాయలుగా రాజీ కుదిరింది. అది పాత రేటు కంటే తక్కువే. అయినా యాజమాన్యం ఒక్కొక్క బండివాడితో విడిగా బేరమాడలేకపోయింది, ఎందుకంటే అక్కడివాళ్లు ముందునుంచే సొసైటీలుగా ఉన్నారు. మీరు తొమ్మిదిమంది ఒకరోజు కలిశారు, వాళ్లు ఏళ్ల తరబడి కలిసే ఉన్నారు. తేడా అక్కడుంది.

జవాబు – విజయనగరం పద్దులు

నేను చిన్న వ్యాపారుల పద్దులు, పన్ను రిటర్నులు చూస్తుంటాను. మీ బకాయి విషయంలో ఒక దారి ఉంది, అది చాలామంది లారీ సోదరులకు తెలియదు.

కాంట్రాక్టరు మిమ్మల్ని ఓనరు అన్నారు కదా, ఆ హోదాకే ఒక గట్టి చట్టం ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం సరుకు తయారుచేసేవారికే కాదు, సేవ అందించేవారికి కూడా వర్తిస్తుంది, లారీ రవాణా ఒక సేవ. 2025 ఏప్రిల్ 1 నుంచి రెండున్నర కోట్లకు మించని పెట్టుబడి, పది కోట్లకు మించని టర్నోవరు ఉన్న సంస్థను సూక్ష్మ సంస్థగా లెక్కిస్తున్నారు గనుక, ఒక లారీ ఉన్నవారు నిస్సందేహంగా దాని కిందికి వస్తారు. చేయవలసినదల్లా ఆధార్, పాన్‌లతో, ఇలాంటి సంస్థల నమోదుకు ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవడమే. దానికి రుసుము లేదు, డబ్బు అడిగే మధ్యవర్తిని నమ్మవద్దు.

నమోదైన సూక్ష్మ సంస్థ సేవకు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోపు డబ్బు చెల్లించాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులకు మించకూడదు. మీ విషయంలో లాగా రాతకోతలు ఏమీ లేకపోతే గడువు 15 రోజులే. దాటిన రోజు నుంచి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలవారీ చక్రవడ్డీ పద్ధతిలో చెల్లించవలసి ఉంటుంది. కంపెనీ నుంచి బిల్లు రాలేదన్న కారణంతో ఈ గడువు ఆగదు, ఎందుకంటే మీ సేవ తీసుకున్నది కాంట్రాక్టరు. కంపెనీకీ ఆయనకూ మధ్య లెక్క వాళ్లది. ఇవ్వకపోతే ఇలాంటి బకాయి వివాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ప్రభుత్వ పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టవచ్చు. కౌన్సిల్ మొదట రాజీకి పిలుస్తుంది, కుదరకపోతే మధ్యవర్తిత్వ తీర్పు ఇస్తుంది. ఆ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే అవతలి పక్షం అందులోని మొత్తంలో 75 శాతం ముందుగా డిపాజిట్ చేయాలి. చిన్నవాణ్ని కోర్టుల చుట్టూ తిప్పి అలసిపోయేలా చేసే పద్ధతికి ఈ నిబంధన నిజమైన అడ్డుకట్ట. దరఖాస్తు రాయడం కష్టమనిపిస్తే శ్రీకాకుళంలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో సహాయం అడగండి.

ఇంకొక ఒత్తిడి ఆదాయపు పన్ను వైపు నుంచి ఉంది. 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి, ఇలా గడువు దాటిన బకాయిని కొనుగోలుదారు తన ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలి. పద్దులు ఆడిట్ చేయించుకునే కాంట్రాక్టరుకు మార్చి నెలలో ఈ సంగతి తప్పక గుర్తుకొస్తుంది. మీ ఉద్యమ్ నంబరును బిల్లు మీద రాసి పంపితే ఆయన ఆడిటరే ఆ మాట చెబుతారు.

మీ కిరాయిలో టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోశారేమో కూడా చూడండి. పది లేదా అంతకన్నా తక్కువ బళ్లు ఉన్నవారు పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే కోయకూడదు. ఒకవేళ కోసి ఉంటే ఆ మొత్తం ఆదాయపు పన్ను శాఖ దగ్గరుండే మీ పన్ను వివరాల పత్రంలో (26ఏఎస్) కనిపిస్తుంది. మీకు కిరాయి ఇవ్వవలసి ఉందని కాంట్రాక్టరు తన పద్దుల్లో ఒప్పుకున్నట్టే గనుక అదే మీకు సాక్ష్యం అవుతుంది.

జవాబు – చీపురుపల్లి మిల్లు గుమస్తా

నేను లోడు ఎత్తించే వైపున పనిచేస్తున్నవాడిని, అందుకే ఒకటి రెండు మాటలు చెప్పాలి. బళ్లు నిలిచిపోవడం ప్రతిసారీ నిర్లక్ష్యం వల్ల జరగదు. బియ్యం సీజన్‌లో గోదాము దగ్గర నాణ్యత పరీక్ష పూర్తయి, ఖాళీ దొరికి, కళాసీల జట్టు వచ్చేవరకు మా చేతిలో ఏమీ ఉండదు. కళాసీలకు బస్తా లెక్కన కూలి, వాళ్ల రేటు తేలకపోతే వాళ్లూ పని ఆపుతారు. మొక్కజొన్న, బియ్యం ఒకేసారి కదిలే నెలల్లో అందరికీ ఒకే రోజు బండి కావాలి.

కాని ఆ ఆలస్యం ఖర్చును ఎవరూ మోయకుండా చివరికి డ్రైవరు మీదికి నెట్టడం అన్యాయం. దాన్ని నేను మా యజమానికి కూడా చెప్పాను. మిల్లు కాంట్రాక్టరుకు ఇచ్చే పనిలో హాల్టింగ్‌కు విడిగా ఒక లెక్క రాసుకుంటే అది బండివాడికి చేరాలి. చాలాచోట్ల ఆ లెక్క అసలు రాసుకోరు, కొన్నిచోట్ల రాసుకున్నది మధ్యలో ఆగిపోతుంది. మీరు కాంట్రాక్టరును మాత్రమే అడగకుండా, కంపెనీ డిస్పాచ్ విభాగానికి ఒక ఉత్తరం రాసి, హాల్టింగ్ నిబంధన ఉందో లేదో మర్యాదగా కనుక్కోండి. మంచి కంపెనీలు తమ గేటు ముందు గొడవ జరగడాన్ని ఇష్టపడవు.

ఆధారం గురించి: గేటు చీటీ తీసుకున్నా కాటా చీటీ మీ దగ్గరే ఉంటుంది. ఖాళీ బండి తూకం వేసిన సమయం, లోడుతో తూకం వేసిన సమయం రెండూ దాని మీద అచ్చవుతాయి. గేటు చీటీకి అందుకున్న వెంటనే ఫోనుతో ఫొటో తీసుకోండి. మడపాం, నాతవలస టోల్‌గేట్లు దాటిన సమయాలు ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. వీటన్నిటినీ వరుసగా పెడితే బండి ఎక్కడ ఎంతసేపు నిలబడిందో ఎవరూ కాదనలేరు.

జవాబు – శ్రీకాకుళం కోర్టు రోడ్డు

న్యాయవాద వృత్తిలో ఉన్నాను. మీ మూడో ప్రశ్నకు జవాబు ఇస్తాను.

లోడు వద్దని చెప్పడం తప్పు కాదు. ఒక్కరు చెప్పినా, తొమ్మిదిమంది చెప్పినా కాదు. మిమ్మల్ని ఎవరూ బలవంతంగా తోలించలేరు. కాని రెండు చోట్ల జాగ్రత్త అవసరం. మీ స్థానంలో వచ్చిన బయటి బళ్లను రోడ్డు మీద ఆపడం, డ్రైవర్లను దించడం, తాళాలు లాక్కోవడం వంటివి జరిగితే కేసు మీ మీదే అవుతుంది, అసలు వివాదం పక్కకు పోతుంది. రెండోది, చట్టం దృష్టిలో మీరు వేర్వేరు సంస్థలు గనుక, అందరూ కూడి ఇంతకంటే తక్కువకు ఎవరూ తోలకూడదని ధర నిర్ణయించి అమలు చేస్తే, 2002 నాటి పోటీ చట్టంలోని మూడో సెక్షన్ అడ్డు తగులుతుంది. పంజాబ్ ప్రభుత్వం 2017లో లారీ యూనియన్లు గుత్తగా వ్యవహరించకుండా ప్రత్యేక నియమాలే తెచ్చింది. కనుక తొమ్మిదిమంది తొమ్మిది సంస్థలుగా ఉండి రేటు కట్టడం కన్నా, సహకార సంఘంగా నమోదై, సంఘమే ఒక పక్షంగా కంపెనీతోనో కాంట్రాక్టరుతోనో రాతపూర్వక ఒప్పందం చేసుకోవడం మంచిదని నా సలహా. సాలూరు పెద్దాయన చెప్పిన హిమాచల్ అనుభవం కూడా అటువైపే చూపిస్తుంది.

కార్మిక చట్టాల విషయానికి వస్తే, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి పెట్టినా, ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి దాని స్థానాన్ని తీసుకున్నాయి. వాటిలో సామాజిక భద్రత కోడ్, యాప్ ద్వారా పని ఇచ్చే అగ్రిగేటర్ల జాబితాలో సరుకు రవాణా సేవలను కూడా చేర్చి, వారి వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం కార్మికుల నిధికి కట్టాలని చెబుతుంది. మీ లోడు యాప్ నుంచి కాకుండా కాంట్రాక్టరు నుంచి వస్తోంది గనుక అది మీకు ఇప్పటికి పనికిరాదు. సొంత స్టీరింగ్ మీద బతికేవారిని చట్టం ఇంకా కార్మికుడిగా గుర్తించకపోవడం పెద్ద లోపమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ లోపం సరిదిద్దేవరకు మీరు సంస్థగా మీకున్న హక్కులనే పూర్తిగా వాడుకోవాలి.

ఇంకొక విషయం మీరు అడగలేదు, అయినా చెప్పాలి. మీ క్లీనరుకు మీరే యజమాని. దారిలో అతనికి ఏదైనా జరిగితే పరిహారం బాధ్యత మీ మీద పడుతుంది. బీమా పాలసీ తీసి, క్లీనరుకు అదనపు ప్రీమియం కట్టారో లేదో, ఓనర్ కమ్ డ్రైవరుగా మీకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో ఈ రోజే చూడండి. బంధువు కదా అని వదిలేయవద్దు.

టన్ను రేటు చాలడం లేదని ఎక్కువ లోడు ఎక్కించుకోమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఒప్పుకోకండి. 2019 సెప్టెంబర్ నుంచి మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షన్ కింద అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా. అదనపు సరుకు దించేవరకు బండి కదలనివ్వరు. ఎక్కించినవారికి కూడా ఈ సెక్షన్ వర్తిస్తుందన్న సంగతిని లోడింగ్ దగ్గరే గుర్తుచేయవచ్చు. సరుకు వెంట ఉండవలసిన జీఎస్టీ పత్రం, ఈ-వే బిల్లు, కూడా చూసుకోండి. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు లెక్కిస్తారు, కాబట్టి ఘాటీలో బండి ఆగిపోతే గడువు ముగిసే సమయానికి ముందూ వెనుకా 8 గంటల లోపు పొడిగించమని కాంట్రాక్టరుకు ఫోనుతో పాటు మెసేజ్ కూడా పంపండి. కాగితం తప్పు ఎవరిదైనా, పట్టుకున్నప్పుడు నిలిచిపోయేది మీ బండి.

ప్రశ్న అడిగినవారు – నరసన్నపేట ఒంటిలారీ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పాలసీ తీసి చూశాను, క్లీనరు ప్రీమియం లేదు, రేపే ఏజెంటును కలుస్తాను. ఉద్యమ్ నమోదు ఇప్పుడు చేసుకుంటే పాత నాలుగు నెలల బకాయికి పనికొస్తుందా? అలాగే, లోడు లేకపోవడంతో ఈ నెల కిస్తీ తప్పేలా ఉంది. ఫైనాన్సు మనుషులు బండి పట్టుకుపోతారని ఇంట్లో భయపడుతున్నారు.

జవాబు – విజయనగరం పద్దులు

నమోదుకు ముందు చేసిన ట్రిప్పుల విషయంలో కౌన్సిల్ దగ్గర అవతలి పక్షం తప్పకుండా అభ్యంతరం చెబుతుంది. ఆ అభ్యంతరానికి న్యాయస్థానాల్లో బలం దొరికిన సందర్భాలు ఉన్నాయి. అందుకని పాత బకాయికి వేరే దారి పట్టండి. ట్రిప్పుల వారీగా తేదీ, లారీ రసీదు నంబరు, టన్నులు, ఒప్పుకున్న రేటు, ముట్టిన అడ్వాన్సు, రావలసిన మొత్తం రాసి, రిజిస్టర్డ్ పోస్టులో డిమాండు నోటీసు పంపండి. ఇలాంటి బాకీకి సివిల్ దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది. తొమ్మిదిమందీ ఒకే వారంలో పంపితే మంచిది. నమోదు మాత్రం ఇవాళే చేసుకోండి, రేపు ఎత్తే ప్రతి లోడూ దాని రక్షణ కిందికి వస్తుంది.

ఫైనాన్సు గురించి: కిస్తీ తప్పకముందే బ్రాంచికి వెళ్లి, మీకు రావలసిన బకాయి వివరాలు, పంపిన నోటీసు నకలు జతచేసి, గడువు కోరుతూ ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కిస్తీ ఆలస్యమైతే వేసేది జరిమానా రుసుముగానే ఉండాలి, దాన్ని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ కట్టకూడదు. వసూలు మనుషులు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోను చేయకూడదు, బెదిరించకూడదు. అలా జరిగితే తేదీ, సమయం రాసుకొని ముందు కంపెనీకి, ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి.

జవాబు – సాలూరు సీనియర్ డ్రైవర్

తమ్ముడూ, నోటీసు పంపితే ఆ కాంట్రాక్టరు ఇక జన్మలో లోడు ఇవ్వడని మీలో ఒకరిద్దరు వెనక్కి తగ్గుతారు. వాళ్లను తప్పుపట్టకండి, పిల్లల చదువులు, కిస్తీలు అందరికీ ఉన్నాయి. అలాంటివారిని నోటీసు పంపమని ఒత్తిడి చేయకుండా సంఘంలో మాత్రం చేర్చుకోండి. సంఘం నమోదయ్యేవరకు మీ తొమ్మిది బళ్లూ ఖాళీగా నిలబడకుండా చూసుకోవడం ముఖ్యం. మా సాలూరు అడ్డాకు రండి, రాయపూర్ వైపు వెళ్లే లోడు వంతుల వారీగా దొరికే అవకాశం ఉంది. రేటు గొప్పగా ఉండదు, కాని దించిన చోటే కిరాయి చేతికిచ్చే పార్టీలు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు. వచ్చేముందు ఇక్కడ ఒక మాట రాయండి. ఘాటీ ఎక్కేముందు బ్రేకులు చూపించుకొని రండి.